చేదుకట్టు చరిత్ర

కనిగిరి పేరు చెప్పగానే వైద్యశాస్త్రము చదివినవారికి ఫ్లోరైడు నీరును, వంకరపోయిన కాళ్లును జ్ఞప్తికి వచ్చును. ఆ కథ వేరు. అదే కనిగిరిలో ఆదివారమునాడు మాంసపు దుకాణమువద్ద నిలుచున్న పిల్లవానికి కూడ తెలిసిన మరియొక విషయము కలదు. ఆ ప్రాంతమున పెంచు నెల్లూరు జాతి పొట్టేలిని కోసినవాడు కాలేయమును చేతికి తీసికొనగానే, దాని అడుగుభాగమున అంటియున్న పచ్చని చిన్న సంచిని మొట్టమొదట వెదకును. దానిని చిట్లనీయక, చుట్టునున్న కొంచెము మాంసముతో సహా కోసి అవతల పారవేయును. పొరపాటున అది పగిలినచో కాలేయమంతయు చేదెక్కి తినుటకు పనికిరాదు. ఆ సంచియే చేదుకట్టు. పాఠ్యపుస్తకములలో దీనికి పిత్తాశయమని పేరు.

దుకాణదారు పారవేయు ఆ కొద్దిపాటి ద్రవము లేకున్నచో పొట్టేలు గాని, దానిని కొనవచ్చిన మనుష్యుడు గాని తిన్న తిండిలోని క్రొవ్వును సరిగా ఒంటబట్టించుకొనజాలడు. ఈ సంగతి తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు మించిన కాలము పట్టినది. ఆ చరిత్రలో చివరి అధ్యాయములు కొన్ని తెలుగువారికి సంబంధించినవి.

పైత్యరసమును చూచినవారి దృష్టి మొదట దాని రంగుమీద పడుట సహజము. ప్రాచీన గ్రీకు వైద్యులు పచ్చపైత్యమనియు, నల్లపైత్యమనియు రెండు రసములను కల్పించి, మనుష్యుల కోపతాపములను వానికి ముడిపెట్టిరి. మన ఆయుర్వేదమునందలి పిత్తము మూడు దోషములలో ఒకటి. అది ఈ సంచిలోని ద్రవమునకు మాత్రమే చెందిన పేరు కాదు. కావున ఆయుర్వేదపు పిత్తమును, శరీరశాస్త్రపు పైత్యరసమును ఒకే వస్తువుగా భావించి వాదమునకు దిగుట రెండు శాస్త్రములకును అన్యాయమే. ఇంతకును ఆ రంగునకు జీర్ణక్రియలో పాత్ర ఏమియు లేదు. ఎఱ్ఱ రక్తకణములు సుమారు 120 దినములు బ్రదికి నశించినపుడు వానియందలి ఎఱ్ఱని పదార్థము విరిగి బిలిరుబిన్ అను పసుపుపచ్చని పదార్థముగా మారును. కాలేయము దానిని పైత్యరసముతోపాటు ప్రేవులలోనికి నెట్టివేయును. రంగు కేవలము చెత్త. అసలు పని చేయునవి చేదును కలిగించు పైత్యామ్లములు.

పైత్యరసమంతయు చెత్తయేనా, లేక దానివలన శరీరమునకు ఏదైన ఉపయోగము కలదా అను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధములో బలముగా తలయెత్తినది. దీనిని ప్రయోగమునకు పెట్టినవాడు థియొడార్ ష్వాన్. జంతువుల శరీరములన్నియు కణములతో కట్టబడినవని 1839లో చెప్పినవాడీతడే. 1844లో ఇతడు కుక్కలలో పైత్యనాళమును బంధించి, పిత్తాశయమునకు పొట్టగోడలో రంధ్రము చేసి, పైత్యరసమంతయు ప్రేవులలోనికి పోక బయటకు కారిపోవునట్లు చేసెను. కుక్కలు ఆహారము తినుచునే యుండెను. అయినను దినదినమునకు చిక్కి, అధికభాగము కొద్ది వారములలో మరణించెను. చెత్తను పారబోసినందుకు ఏ జంతువును చావదు గదా! పైత్యరసము జీవమునకు అవసరమని ష్వాన్ నిర్ణయించెను. ఎందుకు అవసరమో మాత్రము ఆ ప్రయోగము చెప్పలేదు.

నాలుగేండ్ల తరువాత పారిసు నగరములో క్లాడ్ బెర్నార్డ్ ఒక కుందేలిని కోసి చూచుచుండెను. కుందేలి శరీరనిర్మాణములో ఒక విశేషము కలదు. మనుష్యునిలో పైత్యనాళమును, క్లోమనాళమును చిన్నప్రేవులో దాదాపు ఒకేచోట తెరచుకొనును. కుందేలిలో పైత్యనాళము జీర్ణాశయమునకు దగ్గరగానే తెరచుకొనును గాని, క్లోమనాళము అచ్చటనుండి సుమారు 30 సెంటీమీటర్ల దిగువన గాని ప్రేవులో కలియదు. బెర్నార్డ్ క్రొవ్వు తినిపించిన కుందేలి పొట్టను తెరచి, ప్రేవులనుండి బయలుదేరు సన్నని నాళములను పరీక్షించెను. క్రొవ్వు లోనికి చేరినచోట ఈ నాళములలోని ద్రవము పాలవలె తెల్లనగును. కుందేలిలో పైత్యనాళము కలిసినచోట నాళములు స్వచ్ఛముగానే యున్నవి. క్లోమనాళము కలిసినచోటునుండి మాత్రమే అవి తెల్లబారినవి. క్రొవ్వును జీర్ణము చేయునది క్లోమరసమని బెర్నార్డ్ 1848లో ప్రకటించెను.

ఇది గొప్ప ప్రయోగమే. ఐనను దీనిలో సగము సత్యమే కలదు. కుందేలి ప్రేవులో క్లోమరసము కలియుచోటికి పైత్యరసము కూడ పైనుండి ప్రవహించి అప్పటికే చేరియున్నది. కాబట్టి అచ్చట పనిచేసినది క్లోమరసమొక్కటియేనా, లేక రెండునా? ఈ సందేహమును తీర్చినవాడు బెర్నార్డ్ శిష్యుడైన ఆల్బర్ట్ దాస్త్ర్. ప్రకృతి కుందేలిలో చేసిన ఏర్పాటును ఈయన 1880ల చివర కుక్కలో తలక్రిందులు చేసెను. పైత్యరసమును సహజమార్గమున రానీయక, పిత్తాశయమును ప్రేవు దిగువభాగమునకు కలిపి కుట్టెను. ఇప్పుడు పైన క్లోమరసము, క్రింద పైత్యరసము. నాళములు ఎచ్చట తెల్లబారినవి? పైత్యరసము కలిసినచోటునుండి మాత్రమే! గురువుగారి కుందేలిని, శిష్యుని కుక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన విద్యార్థికి ఎవరును చెప్పకయే అర్థమగును: రెండు రసములును కలియనిదే క్రొవ్వు ప్రేవుగోడను దాటదు. శాస్త్రబోధనలో ఇంతకంటె చక్కని జోడు ప్రయోగములు అరుదు. ఉపాధ్యాయులు వీనిని విడదీయక ఒకే పాఠములో చెప్పుట మంచిది.

ఇక రసాయనశాస్త్రజ్ఞుల సంగతి. టీడెమన్, గ్మెలిన్ అను జర్మను పండితులు 1827 ప్రాంతమున ఎద్దు పైత్యమునుండి ఒక స్ఫటికపదార్థమును వేరుచేసిరి. దానికి తరువాత స్థిరపడిన టారిన్ అను పేరు లాటిను భాషలో ఎద్దునకు గల పేరునుండి పుట్టినది. 1848 ప్రాంతమున ష్ట్రెకర్ ఎద్దు పైత్యములో రెండు ముఖ్యమైన ఆమ్లములున్నవనియు, ఒకదానిలో కోలిక్ ఆమ్లము గ్లైసిన్‌తోను, రెండవదానిలో అదే ఆమ్లము టారిన్‌తోను కూడియున్నదనియు తెలిపెను. కాని కోలిక్ ఆమ్లపు అణువు లోపలి నిర్మాణమును తెలిసికొనుట మాత్రము మహాకష్టమైనది. హైన్రిహ్ వీలాండ్ 1912 నుండి ఆ పనిలో మునిగియుండెను. ఆ కృషికి 1927వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము ఆయనకు లభించినది. వింత యేమనగా, బహుమానము పొందునాటికి ఆయన ఊహించిన నిర్మాణము తప్పు. ఎక్స్ కిరణములతో బెర్నాల్ చేసిన కొలతలు ఆ అణువు వీలాండ్ చిత్రించినదానికంటె పలుచగా, పొడవుగా ఉన్నదని తెలిపినవి. 1932లో నిర్మాణము సరిదిద్దబడినది. సరిదిద్దినవారిలో వీలాండ్ కూడ ఒకడు. తన తప్పును తానే దిద్దుకొనుటలో ఆయన జాగు చేయలేదు.

ఆ నిర్మాణములోనే పైత్యరసపు రహస్యమంతయు దాగియున్నది. సబ్బు అణువునకు నీటిని కోరు తల, నూనెను కోరు తోక ఉండునని విద్యార్థులు చదివియుందురు. పైత్యామ్లపు అణువు అట్టిది కాదు. నాలుగు వలయములు అంటుకొని ఏర్పడిన పలక వంటిదది. నీటిని కోరు హైడ్రాక్సిల్ సమూహములన్నియు ఆ పలకకు ఒకేవైపున ఉండును. రెండవవైపు నూనెను మాత్రమే కోరును. ఒకవైపు మాత్రమే నూనె వేసి కాల్చిన అట్టును ఊహించుకొన్నచో పోలిక కొంతవరకు సరిపోవును. ఈ పలకలు నూనెచుక్కకు నూనెవైపు అంటుకొని, నీటివైపును బయటకు చూపుచు నిలుచును. అట్టి చుక్కలు మరల ఒకదానితో ఒకటి కలిసిపోజాలవు.

దీనిని కనిగిరి ఉన్నతపాఠశాలలోనే కాదు, ఏ ఊరి బడిలోనైనను చూపవచ్చును. దుకాణదారు పారవేయు చేదుకట్టునొకదానిని అడిగి తెచ్చుకొన్న చాలును. రెండు గాజుగ్లాసులలో చన్నీరు పోసి, ఒకదానిలో మాత్రము కొంచెము పైత్యరసమును కలపవలెను. రెంటిమీదను చిటికెడు గంధకపు పొడిని మెల్లగా చల్లవలెను. మంచినీటిపై పొడి తేలియుండును. పైత్యరసము కలిసిన నీటిలో పొడి అడుగునకు దిగిపోవును. పైత్యలవణములు నీటి తలతన్యతను తగ్గించుటయే దీనికి కారణము; సబ్బునీటిలోను ఇట్లే జరుగును. స్కాట్లండు దేశీయుడైన మాథ్యూ హే 1880లలో కనిపెట్టిన ఈ పరీక్షను కామెర్ల రోగుల మూత్రములో పైత్యలవణములను కనుగొనుటకు వైద్యవిద్యార్థులు చిరకాలము నేర్చిరి. ప్రయోగము కాగానే చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. గొఱ్ఱె చేదుకట్టును ఎవరును తినరు గాని, శీలావతి వంటి మంచినీటి చేపల చేదుకట్టును మందని నమ్మి పచ్చిగా మ్రింగువారు కొందరు కలరు. అట్లు మ్రింగి మూత్రపిండములు చెడిన రోగులను గూర్చి మన దేశమునుండియు, చైనా, వియత్నాము మొదలగు దేశములనుండియు వైద్యులు పలుమారులు ప్రకటించియున్నారు. పాలిచ్చు జంతువులలో పైత్యామ్లములు చేయు పనిని ఈ చేపలలో సిప్రినాల్ సల్ఫేటు అను మరియొక పదార్థము చేయుచున్నది. చేపకు అది పనిముట్టు. మనుష్యుని మూత్రపిండమునకు విషము.

క్రొవ్వును చిన్నచిన్న చుక్కలుగా చేయుటవలన లాభమేమి? లెక్క వేసి చూడవచ్చును. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధము గల నూనెచుక్కను పదిలక్షల సమానమైన చుక్కలుగా విడగొట్టినచో, ఒక్కొక్కదాని వ్యాసార్ధము మిల్లీమీటరులో నూరవవంతగును. నూనె పరిమాణము మారదు గాని దాని మొత్తము ఉపరితలము నూరురెట్లు పెరుగును. క్లోమరసమునందలి లైపేస్ అను ఎంజైము నీటిలోనుండి నూనె ఉపరితలముమీద మాత్రమే పని చేయగలదు. కావున నూరు చేతులు పనిచేయుచోట పదివేల చేతులకు చోటు దొరకినట్లగును.

చాలకాలము శాస్త్రజ్ఞులు ఇచ్చటితో తృప్తిపడిరి. పైత్యరసము క్రొవ్వును చిలుకును, క్లోమరసము కోయును, ప్రేవు పీల్చుకొనును, కథ ముగిసినది! కాని ఒక చిక్కు మిగిలియే యున్నది. లైపేస్ కోసిన తరువాత వచ్చు క్రొవ్వు ఆమ్లములు కూడ నీటిలో సరిగా కరగవు. ప్రేవుగోడ నంటి ఎన్నడును కదలని సన్నని నీటిపొర యొకటి కలదు. నూనెను ఒల్లని ఆ పొరను ఇవి దాటుటెట్లు? దీనికి సమాధానము 1960లలో లభించినది. అలన్ హాఫ్మన్, బెంగ్ట్ బోర్గ్‌స్ట్రోమ్ అనువారు భోజనానంతరము మనుష్యుల ప్రేవులలోని ద్రవమును సన్నని గొట్టముతో వెలికి తీసి, యంత్రములో అతివేగముగా త్రిప్పి చూచిరి. పైన నూనెపొర తేలినది. క్రింద స్వచ్ఛమైన నీటివంటి పొర నిలిచినది. ఆ స్వచ్ఛమైన పొరలోనే క్రొవ్వు ఆమ్లములు సమృద్ధిగా నుండెను! పైత్యలవణముల పలకలు కొన్ని గుమికూడి, క్రొవ్వు ఆమ్లములను మధ్య నుంచుకొని, కంటికే కాదు, సామాన్యమైన సూక్ష్మదర్శినికి కూడ కనబడని కణికలుగా ఏర్పడుచున్నవి. వీనికి మిసెల్ అని పేరు. నూనెచుక్కతో పోల్చినచో మిసెల్ వ్యాసము నూరవవంతుకంటె తక్కువ. ఇవి నీటిపొరను సులభముగా దాటి, తెచ్చిన సరకును ప్రేవుగోడయందలి చూషకములకు అప్పగించును.

సరకు దించిన పడవ ఏమగును? మనుష్యుని శరీరములోని పైత్యామ్లముల మొత్తము సుమారు 3 గ్రాములు మాత్రమే. ఒక దినపు భోజనములోని క్రొవ్వునంతను మోయుటకు ఇది ఏ మూలకును చాలదు. విద్యుత్తు మోటార్లు రాకపూర్వము కనిగిరి ప్రాంతపు బావులవద్ద కపిల తోలినవారు ఈ చిక్కునకు సమాధానము వెంటనే చెప్పియుందురు. కపిలకు కట్టిన బాన ఒక్కటే. అది దిగుచు, నిండుచు, పైకి వచ్చి ఒలుకుచు, మరల దిగుచుండును. పైత్యామ్లములు కూడ చిన్నప్రేవు చివరిభాగమున తిరిగి రక్తములోనికి పీల్చుకొనబడి, కాలేయమునకు చేరి, మరల పైత్యరసములోనికి వచ్చును. ఈ ప్రదక్షిణమును 1870లో మోరిట్స్ షిఫ్ కుక్కలలో నిరూపించెను. దినమునకు ఆరు మొదలు పదిసార్లు ఈ చుట్టు తిరుగును. నూటికి సుమారు 95 పాళ్లు తిరిగి వచ్చును. దినమునకు అరగ్రాము మాత్రము మలముతో పోవును. ఆ లోటును కాలేయము కొలెస్టెరాల్‌నుండి పూరించును. భారహైడ్రోజనుతో గుర్తుపెట్టిన కొలెస్టెరాల్‌ను కుక్కకు ఎక్కించి, అది కోలిక్ ఆమ్లముగా మారుటను 1943లో బ్లాక్, బెర్గ్, రిట్టెన్‌బెర్గ్ అనువారు చూపిరి. పైత్యామ్లములను ప్రేవులలోనే పట్టియుంచి తిరిగి రానీయని మందులు రక్తములోని కొలెస్టెరాల్‌ను తగ్గించుటకు మూలమిదే.

పైత్యరసము ఆగిపోయినచో ఏమగునో కామెర్ల రోగులు చెప్పగలరు. నాళమునకు రాయి అడ్డుపడినపుడు మలము తెల్లసున్నమువలె పాలిపోవును. ఆశ్చర్యమేమనగా, అట్టివారిలో కూడ తిన్న క్రొవ్వులో గణనీయమైన భాగము ఏదో విధముగా లోనికి చేరుచునే యుండును. క్రొవ్వులో కరగు విటమినుల గతి అట్లు కాదు. ఎ, డి, ఇ, కె విటమినులకు మిసెల్ తప్ప వేరు వాహనము లేదు. పూర్వము కామెర్ల రోగులకు శస్త్రచికిత్స చేసిన వైద్యులు గాయమునుండి రక్తము ఆగక రోగి చనిపోవుటను నిస్సహాయులై చూచుచుండిరి. 1930లలో హెన్రిక్ డామ్ విటమిన్ కెను కనుగొన్న తరువాత, 1938లో అమెరికా వైద్యులు ఆ విటమినును పైత్యలవణములతో కలిపి అట్టి రోగులకిచ్చి రక్తస్రావమును అరికట్టిరి. ప్రేవులో పైత్యము లేనివారికి నోటిద్వారా విటమినొక్కటియే ఇచ్చిన ప్రయోజనము తక్కువ. దాని పడవను కూడ దానితో పంపవలసివచ్చినది.

ఇంతవరకు రెండు ద్వారముల సంగతి చెప్పబడినది: క్లోమరసము, పైత్యరసము. మూడవది ప్రేవుగోడ. పైత్యము సమృద్ధిగా వచ్చినను, మిసెల్‌లు సరకును వాకిటివరకు తెచ్చినను, గోడయే చెడియున్నచో తీసికొనువారెవరు? ఉష్ణదేశములలో స్ప్రూ అను వ్యాధి ఇట్టిది. చూషకములు మొద్దుబారి, క్రొవ్వు ఒంటబట్టక జిడ్డుగా బయటకు పోవును, నాలుక పూయును, రక్తము క్షీణించును, రోగి తినుచునే కృశించును. ష్వాన్ కుక్కలను తలపించు స్థితియది.

ఈ మూడవ ద్వారమువద్దనే తెలుగువారి కథ వచ్చుచున్నది. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివెను. ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి కొద్ది దినముల తేడాతో బలియైరి. అదే వ్యాధి ఆయనను కూడ పట్టుకొనెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన కోలుకొని, లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రమును బోధించెను. 1922లో అమెరికా చేరి హార్వర్డ్ విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. రక్తములోను, మూత్రములోను భాస్వరమును కొలుచుటకు 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన ప్రకటించిన పద్ధతి ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలోనికి వచ్చినది.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. అచ్చట ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము కాలేయమునుండి ఫోలిక్ ఆమ్లమును శుద్ధముగా వేరుచేసి, 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినది. పైత్యరసమునకు పుట్టినిల్లైన కాలేయమే ప్రేవుగోడకు మందును కూడ దాచియుంచినదన్నమాట. ప్రేవుగోడ లోపలి కణములు కొద్ది దినములకొకసారి రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. అంత వేగముగా కణములు పుట్టుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. స్ప్రూ రోగిలో గోడ చెడినందున ఫోలిక్ ఆమ్లము లోనికి పోదు. అది లోనికి పోనందున గోడ బాగుపడదు. ఈ విషవలయమును బయటినుండి ఇచ్చిన ఫోలిక్ ఆమ్లము ఛేదించినది. టామ్ స్పైస్ మొదలగు వైద్యులు దీనిని స్ప్రూ రోగులకిచ్చిన కొలది దినములకే వారి నాలుక మానుటయు, ఆకలి పుట్టుటయు, రక్తము వృద్ధియగుటయు చూచిరి.

అంతటితో ముగియలేదు. సుబ్బారావు నేతృత్వముననే లెడర్లీలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనెను; టెట్రాసైక్లిన్ కుటుంబములో ఇదియే మొదటిది. ఇది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ సంవత్సరమే ఆగస్టులో, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావు న్యూయార్కులో మరణించెను. ఉష్ణదేశపు స్ప్రూకు తరువాత స్థిరపడిన చికిత్స యేమనగా, ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లిన్‌ను కలిపి కొన్ని నెలలపాటు ఇచ్చుట. తన సోదరులను బలిగొన్న వ్యాధికి రెండు మందులును ఒక తెలుగువాని పర్యవేక్షణలోని ప్రయోగశాలలనుండి వెలువడినవి. రెండవ మందు స్ప్రూకు పనికివచ్చునని స్థిరపడుట చూచుటకు ఆయన జీవించియుండలేదు.

స్ప్రూ అంతటితో మాయము కాలేదు. చిత్తూరు జిల్లాను ఆనుకొనియున్న ఉత్తర ఆర్కాటు గ్రామములలో 1960 మొదలుకొని ఇది అంటువ్యాధివలె వ్యాపించినది. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు చెందిన సెల్విన్ బేకర్, వి. ఐ. మాథన్ మొదలగువారు ఆ పల్లెలకు పోయి దీనిని పరిశోధించిరి. మూలకారణము నేటికిని పూర్తిగా తేలలేదు గాని, వ్యాధి మాత్రము ఇప్పుడు మిక్కిలి అరుదైనది.

మూడు ద్వారములును బాగుగా తెరచియున్నను మరియొక చిక్కు రావచ్చును. మోయుటకు సరకు లేకున్నచో పడవ కదలదు. క్రొవ్వు చిన్నప్రేవులో అడుగుపెట్టగానే ప్రేవుగోడనుండి కొలిసిస్టోకైనిన్ అను హార్మోను రక్తములోనికి పోయి పిత్తాశయమును ముడుచుకొనజేయునని 1928లో ఐవీ, ఓల్డ్‌బెర్గ్ కనుగొనిరి. అనగా నూనెయే పైత్యరసమును పిలుచును. మరి భోజనములో నూనె యేమాత్రమును లేనియెడల?

మన దేశములో ఈ ప్రశ్న పిల్లల కండ్లకు సంబంధించినది. విటమిన్ ఎ చాలక రేచీకటి కలిగి, తుదకు చూపు పోయిన పిల్లలు ఒకప్పుడు ప్రతి జిల్లాలోను ఉండిరి. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలు, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన తరువాత కూడ, ఈ సమస్యను విడువలేదు. పిల్లలకు ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎను ఇచ్చు జాతీయ కార్యక్రమము 1970లో ప్రారంభమైనది ఆ సంస్థ పరిశోధనల మూలముననే. మందు సంగతి అట్లుండగా, తోటకూర, మునగాకు, పొన్నగంటికూర వంటి ఆకుకూరలు పేదవానికి కూడ అందుబాటులోనివే. వానిలోని కెరోటిన్ శరీరములో విటమిన్ ఎగా మారును. ఐనచో ఆకుకూర తిను పిల్లలకు కూడ ఈ లోపమేల రావలెను?

సంస్థకు చెందిన జయరాజన్, వినోదినీ రెడ్డి, మోహన్‌రామ్ అనువారు 1980లో తమ ప్రయోగఫలితములను ప్రకటించిరి. చిన్నపిల్లలకు కొన్ని వారములపాటు ఆకుకూర పెట్టిరి. కొందరికి దానితో నూనె చేర్చలేదు. కొందరికి 5 గ్రాములు, మరికొందరికి 10 గ్రాములు చేర్చిరి. నూనె చేర్చినవారి రక్తములో విటమిన్ ఎ ఎక్కువగా పెరిగినది. కెరోటిన్ మిసెల్‌లో ఎక్కి పోవు పదార్థము. నూనె లేనిచోట పిత్తాశయము సరిగా ముడుచుకొనదు, మిసెల్‌లు తగినన్ని ఏర్పడవు, కెరోటిన్‌లో చాలభాగము ఆకుతోనే వెడలిపోవును. కనిగిరి ఇల్లాలు తోటకూర దించునపుడు వేయు తాలింపు వాసనకొఱకే అని తలంచుట పొరపాటు.

ఆ ప్రయోగములో 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెమ్చాడు నూనె, సరిపోయినది. 10 గ్రాములు తిన్న పిల్లలలో అంతకుమించిన లాభము కనబడలేదు.